అల్మారా తలుపు మూసినా ఆగని వెలుగు అలారం: ఎల్‌డీఆర్, ఆర్డుయినో యూనోతో ఒక చిక్కు

మిణుగురు

నమస్కారం. అల్మారా తలుపు తెరవగానే లోపల పడే వెలుగును పసిగట్టి బజర్ మోగించే చిన్న అలారం ఒకటి ఆర్డుయినో యూనో అనే చిన్న ప్రోగ్రాము బోర్డుతో తయారు చేస్తున్నాను. ప్రోగ్రాములు రాయడం నాకు అలవాటే గానీ తీగలు కలపడం ఇదే మొదటిసారి కాబట్టి, వివరాలు కాస్త ఎక్కువగానే రాస్తున్నాను.

ఎల్‌డీఆర్ (వెలుగు పెరిగితే నిరోధం తగ్గే సెన్సర్) ఒక కాలు 5 వోల్టులకు, రెండో కాలు ఏ0 పిన్నుకు (వోల్టేజీని 0 నుంచి 1023 మధ్య అంకెగా చదివే పిన్ను) కలిపాను. అదే ఏ0 నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. ఎల్‌డీఆర్ వచ్చిన సంచి మీద జీఎల్ 5528 అని రాసి ఉంది. బజర్ నేరుగా 8వ పిన్నుకు, అలారం మోగుతున్నట్టు కంటికి తెలియడానికి ఒక ఎర్ర ఎల్‌ఈడీ 13వ పిన్నుకు కలిపి ఉన్నాయి. రీడింగు ఒక హద్దు దాటితే బజర్, ఎల్‌ఈడీ రెండూ వెలుగూ మోతా ఇస్తాయి, 5 సెకన్లు డిలే, మళ్ళీ రీడింగు; ప్రోగ్రాము అంతే.

బల్ల మీద అంతా చక్కగా నడిచింది. గది వెలుగులో రీడింగు 780 దాకా ఉండేది, వేలితో కప్పితే 150కి పడిపోయేది. అందుకని హద్దు 300గా పెట్టాను. తీరా అల్మారాలో పెట్టి తలుపు తెరిస్తే మోగనే లేదు. బోర్డు పంపే అంకెలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో చూస్తే తలుపు మూసి ఉన్నప్పుడు 48, తెరిచినప్పుడు 180 వస్తున్నాయి. సరే, అల్మారా మూలలో వెలుగు తక్కువ కదా అనుకుని హద్దును 60కి దించాను. ఇప్పుడు తలుపు తెరవగానే మోగుతోంది, కానీ మూసిన తర్వాత ఆగడం లేదు. అరగంట అలాగే వదిలేసి చూశాను, మోగుతూనే ఉంది. యూఎస్‌బీ తీగ పీకి మళ్ళీ పెడితే తప్ప నోరు మూయదు. మూసిన అల్మారాలో 48 అని తానే చెప్పిన పరికరం, 60 హద్దును ఎందుకు దాటుతోందో అంతుపట్టడం లేదు.

ఇంకొక చిన్న విషయం: బజర్ శబ్దం దిండు కింద పెట్టినట్టు చాలా సన్నగా వస్తోంది. ఇది కూడా ఈ గొడవలో భాగమేనా?

పాతరేడియో

మిణుగురు గారూ, ముందు బజర్ సంగతి చూద్దాం. దాని నెత్తిన గుండ్రని స్టిక్కర్ ఒకటి అంటించి ఉందేమో గమనించండి. బోర్డులకు టంకం వేశాక కడిగేటప్పుడు లోపలికి నీరు పోకుండా తయారీదారులు అంటించే స్టిక్కర్ అది. కడగడం అయ్యాక తీసేయమని దాని మీదే రాసి ఉంటుంది. దాన్ని ఊడబెరికితే మీ దిండు సమస్య చాలావరకు తీరుతుంది.

రెండోది, బజర్‌ను పిన్నుకు నేరుగా కలపడం మానుకోవడం మంచిది. యూనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్పు ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ యాంపియర్ల దాకా హాయిగా ఇవ్వగలదు, 40 దాటితే చిప్పుకే ముప్పు. అయస్కాంతంతో పనిచేసే చిన్న బజర్లు 30 మిల్లీ యాంపియర్ల వరకు లాగుతాయి. అందుకని 8వ పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా బీసీ 547 ట్రాన్సిస్టర్ బేసుకు కలపండి, ఎమిటర్‌ను గ్రౌండుకు, కలెక్టర్‌ను బజర్ మైనస్ కాలికి కలపండి, బజర్ ప్లస్ కాలిని 5 వోల్టులకు ఇవ్వండి. బజర్‌కు అడ్డంగా 1ఎన్4148 డయోడు ఒకటి, దాని చార ఉన్న వైపు 5 వోల్టుల దిక్కుకు వచ్చేలా పెడితే, బజర్ ఆగిన ప్రతిసారీ దాని తీగచుట్ట నుంచి ఎగిరి వచ్చే వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ను దెబ్బతీయదు. బీసీ 547 చదునైన ముఖాన్ని మీ వైపు తిప్పుకుని కాళ్ళు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేసు, ఎమిటర్ వస్తాయి. అన్ని ట్రాన్సిస్టర్లకూ ఈ వరుస ఒకటే కాదు, వేరే నంబరు వాడితే మళ్ళీ చూసుకోండి.

ఆగకుండా మోగడానికి కారణం కూడా ఈ బజరేనని నా అనుమానం. అది మోగేటప్పుడు 5 వోల్టుల సరఫరా కాస్త కుంగుతుంది, దానితో ఏ0 రీడింగు తప్పుగా వస్తోందేమో.

తీగలపెట్టె

ట్రాన్సిస్టర్ గురించి పాతరేడియో గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను, చివరి పేరాతో తప్ప. యూనోలో ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, తన కొలబద్దగా పెట్టుకునేది, మనం మార్చకపోతే, బోర్డుకు అందే 5 వోల్టులనే. మిణుగురు గారి డివైడర్‌కు (ఎల్‌డీఆర్, రెసిస్టర్ జంటకు) పైనుంచి అందేదీ అవే 5 వోల్టులు. సరఫరా 4.6కి కుంగితే కొలిచే వోల్టేజీ ఎంత నిష్పత్తిలో తగ్గుతుందో కొలబద్ద కూడా అంతే నిష్పత్తిలో పొట్టిదవుతుంది, కాబట్టి రీడింగు మారదు. ఎల్‌డీఆర్ పైకాలు 3.3 వోల్టుల పిన్నుకు కలిపి ఉంటే మీ అనుమానం నిజమయ్యేది.

నా చూపు 13వ పిన్ను మీద ఉంది. అలారం మోగగానే ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది, దానితోపాటు బోర్డు మీద ఎల్ అని రాసి ఉన్న చిన్న ఎల్‌ఈడీ కూడా వెలుగుతుంది, ఎందుకంటే అది కూడా 13వ పిన్నుకే కలిపి ఉంటుంది. మూసిన అల్మారాలో ఈ రెండూ ఎల్‌డీఆర్‌కు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పండి. అలారం తన దీపాన్ని తానే చూసి, తలుపు ఇంకా తెరిచే ఉందని భ్రమపడి, ఆ భ్రమతో దీపాన్ని వెలిగిస్తూనే ఉందని నా ఊహ. మీరు చూసిన 48 అనే అంకె అలారం మోగనప్పటిది. మోగుతున్నప్పుడు మూసిన అల్మారాలో ఎంత వస్తోందో మీరు చూడలేదు.

ఆ 48 కూడా నాకు ఎక్కువగానే తోస్తోంది. జీఎల్ 5528 నిరోధం 10 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలమానం) వెలుగులో 10 నుంచి 20 కిలో ఓమ్‌లు ఉంటుంది, గాఢమైన చీకట్లో 1 మెగా ఓమ్‌కు చేరుతుంది. 1 మెగా ఓమ్‌తో లెక్క వేస్తే మీ అమరికలో రీడింగు 10 దగ్గర ఉండాలి. 48 అంటే నిరోధం 200 కిలో ఓమ్‌లేనన్నమాట. అంటే తలుపు మూసినా, అలారం మోగకపోయినా, లోపల ఎక్కడో వెలుగు ఉంది. బోర్డుకు కరెంటు ఉన్నంతసేపూ ఆన్ అనే ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుందని మరిచిపోకండి.

కాబట్టి మూడు కొలతలు తీయండి: ఇప్పుడున్నట్టుగా అలారం మోగుతుండగా తలుపు మూసి ఒకటి, 13వ పిన్ను వెలిగించే వరుసను ప్రోగ్రాములోంచి తీసేసి ఒకటి, బోర్డు మీది ఎల్‌ఈడీలన్నిటి మీదా నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించి ఒకటి. సీరియల్ మానిటర్‌కు సెకనుకు ఒక్కసారి మాత్రమే అంకె పంపండి. పంపిన ప్రతిసారీ టీఎక్స్ ఎల్‌ఈడీ మినుకుమంటుంది, గబగబా పంపితే కొలిచే పనే చీకటిని చెడగొడుతుంది.

కొత్తమీట

ఇంత తంటా ఎందుకండీ? ఎల్‌డీఆర్ తీసేసి బీహెచ్ 1750 సెన్సర్ పెట్టుకుంటే ఐ2సీ అనే రెండు తీగల సంధానం మీద వెలుగు నేరుగా లక్స్‌లలోనే వచ్చేస్తుంది, రెసిస్టర్ లెక్కలు కూడా ఉండవు.

తీగలపెట్టె

కొలత కావలసిన చోట అది మంచి సెన్సరే. కానీ పక్కన దీపం వెలుగుతుంటే బీహెచ్ 1750 ఆ దీపాన్ని మరింత కచ్చితంగా కొలుస్తుంది, అంతే తేడా. ముందు మిణుగురు గారి అంకెలు రానివ్వండి.

మిణుగురు

అంకెలు వచ్చాయి, మీ ఊహ నిజమైంది.

అలారం మోగుతుండగా తలుపు మూస్తే 70. నేను పెట్టిన హద్దు 60, ఇక అది ఎలా ఆగుతుంది? బ్రెడ్‌బోర్డు మీద ఎర్ర ఎల్‌ఈడీ ఎల్‌డీఆర్‌కు రెండు వేళ్ళ దూరంలోనే ఉంది. ఎల్‌డీఆర్ ఎక్కువగా స్పందించేది ఆకుపచ్చ వెలుగుకని ఎక్కడో చదివి, ఎరుపు కదా, దానికి కనబడదులే అనుకున్నాను. 13వ పిన్ను వరుస తీసేస్తే 48. టేపు అంటించాక 11.

టేపు అంటించాక ఇంకో వింత చూశాను. తలుపు మూసిన వెంటనే 11 రావడం లేదు. సెకనుకొక అంకె చొప్పున 180 తర్వాత 40, 27, 19, 14 అలా దిగుతూ వచ్చి, పది సెకన్లకు 11 దగ్గర నిలిచింది. తలుపు తెరిచినప్పుడు మాత్రం ఒక్క గెంతులో 180కి వెళ్ళిపోతోంది. ఇది సహజమేనా? ఇక హద్దు ఎంత పెట్టాలి, 11కీ 180కీ మధ్యలో 95 పెడితే సరిపోతుందా?

బజర్ స్టిక్కర్ ఊడబెరికాను. పక్క గదిలో ఉన్నవారు ఉలిక్కిపడి వచ్చి చూశారు.

తీగలపెట్టె

సహజమే. కాడ్మియం సల్ఫైడుతో చేసిన ఈ సెన్సర్లకు వెలుగు నుంచి చీకటికి అలవాటుపడడం నిదానంగా జరుగుతుంది, అందుకే వాటి చీకటి నిరోధాన్ని వెలుగు ఆర్పిన కొన్ని సెకన్ల తర్వాత కొలిచి చెబుతారు. వేలితో కప్పినప్పుడు మీకు 150 దగ్గరే ఆగిపోయిందంటే దానికి కారణం వేరు: వేలి కండ గుండా కూడా వెలుగు కొంత దూరుతుంది, సెన్సర్ వెనక పింగాణీ బిళ్ళ గుండా కూడా కొంత వస్తుంది. బల్ల మీద వేలితో చేసిన చీకటి ఆధారంగా హద్దు నిర్ణయించడంతోనే ఈ కథంతా మొదలైంది.

95 పెట్టినా పనిచేస్తుంది. కానీ 1024 మెట్లున్న నిచ్చెనలో మీరు అడుగున 170 మెట్లు మాత్రమే వాడుకుంటున్నారు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ బల్ల మీది వెలుగుకు సరిపోయేదే గానీ అల్మారా మూలకు కాదు. మీ అంకెల నుంచి వెనక్కి లెక్క వేస్తే తెరిచినప్పుడు ఎల్‌డీఆర్ నిరోధం దాదాపు 47 కిలో ఓమ్‌లు, మూసినప్పుడు 900 కిలో ఓమ్‌ల పైన. రెండు స్థితుల మధ్య తేడా అత్యధికంగా కనిపించాలంటే కింది రెసిస్టర్ విలువ ఈ రెండు నిరోధాల లబ్ధానికి వర్గమూలం కావాలి. మీ విషయంలో అది 200 కిలో ఓమ్‌ల చిల్లర. అయినా నేను 100 కిలో ఓమ్‌లే వేయమంటాను. దానితో మూసినప్పుడు 102, తెరిచినప్పుడు 697 వస్తాయి, తేడా 595. 220 కిలో ఓమ్‌లతో తేడా 643కి పెరుగుతుంది గానీ, ఆ కొద్దిపాటి లాభం కోసం నిరోధాన్ని ఇంకా పెంచడం నాకు ఇష్టం లేదు. ఏటీమెగా 328పీ ఏడీసీని 10 కిలో ఓమ్‌లు లేదా అంతకంటే తక్కువ నిరోధం గల మూలాలకు అనువుగా తయారు చేశారు. ఒక్క ఏ0నే చదివేటప్పుడు 100 కిలో ఓమ్‌లతో ఇబ్బంది ఉండదు, రేపు మీరు ఏ1కి ఇంకేదైనా కలిపి రెండూ మార్చి మార్చి చదివితే ఒకదాని ఛాయ ఇంకొకదానిలో పడుతుంది. దానికి మందు 104 అని ముద్రించి ఉండే 100 నానో ఫారడ్‌ల కెపాసిటర్. ఏ0కీ గ్రౌండుకీ మధ్య ఇప్పుడే పెట్టేయండి.

హద్దు ఒకటి కాదు, రెండు పెట్టండి. రీడింగు 450 దాటితే అలారం మొదలుకావాలి, 250 కంటే తగ్గితే గానీ ఆగకూడదు. ఈ రెంటి మధ్యన ఎంత ఉన్నా అంతకుముందు ఏ స్థితి ఉందో అదే కొనసాగాలి. ఒకే హద్దు ఉంటే సందెవేళ తలుపు కొద్దిగా తెరిచి ఉన్నప్పుడు రీడింగు దాని చుట్టూనే ఊగిసలాడి బజర్ కీచురాయిలా తెగుతూ తెగుతూ మోగుతుంది. మీరు చెప్పిన దిగుడు అంకెలను కొత్త రెసిస్టర్‌కు మార్చి చూస్తే, తలుపు మూసిన రెండో సెకనుకే రీడింగు 250 కిందికి వస్తుంది. కాబట్టి 5 సెకన్ల డిలే కూడా అక్కరలేదు. ఆ 5 సెకన్లూ ప్రోగ్రాము కళ్ళు మూసుకుని కూర్చోవడం తప్ప దాని వల్ల ప్రయోజనం లేదు.

చివరగా దీపాల మినుకు. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే దీపాల కాంతి సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. ఎల్‌డీఆర్ నిదానస్తురాలు కాబట్టి దాన్ని చాలావరకు మింగేస్తుంది గానీ పూర్తిగా కాదు. 50 మిల్లీ సెకన్ల పాటు వరుసగా చదివి సగటు తీసుకోండి. ఆ వ్యవధిలో మొదటి రకం మినుకులు సరిగ్గా 5, రెండో రకం సరిగ్గా 6 ఇముడుతాయి కాబట్టి రెండూ సగటులో కరిగిపోతాయి. ఒక్కో రీడింగుకు సుమారు 100 మైక్రో సెకన్లు పడుతుంది, మధ్యలో 900 మైక్రో సెకన్లు ఆగితే 50 రీడింగులకు లెక్క సరిపోతుంది.

ఎర్ర ఎల్‌ఈడీని తీగలతో అల్మారా బయటికి తెచ్చి, 13 కాకుండా ఇంకో పిన్నుకు కలపండి. ఎల్‌డీఆర్‌కు నల్ల గొట్టం తొడిగి దాని నోరు తలుపు సందు వైపు తిప్పితే ఇంకా మేలు.

పాతరేడియో

సరఫరా కుంగడం గురించి నేను తొందరపడి చెప్పాను. కొలబద్దా కొలిచే వస్తువూ కలిసే కుంగుతాయన్న మాట సబబుగా ఉంది. దీపం సంగతి నాకు తట్టనే లేదు.

మిణుగురు గారికి ఒక్క మాట: ఇది వెలుగును చూసే అలారమే తప్ప తలుపును చూసేది కాదు. గది చీకటిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తెరిస్తే మోగదు. అది కూడా కావాలంటే తలుపుకు చిన్న అయస్కాంతం, చట్రానికి అయస్కాంతం దగ్గరైతే పనిచేసే రీడ్ స్విచ్ బిగించుకోవాలి.

మిణుగురు

చీకట్లో మోగకపోయినా నాకు ఫరవాలేదు. పగటిపూట మిఠాయి డబ్బా జోలికి వచ్చేవారిని పట్టుకోవడమే దీని పని.

చెప్పినవన్నీ చేశాను: 100 కిలో ఓమ్‌లు, కెపాసిటర్, ట్రాన్సిస్టర్, డయోడు, రెండు హద్దులు, 50 రీడింగుల సగటు. ఇప్పుడు మూసిన అల్మారాలో 102 దగ్గర నిలకడగా వస్తోంది. తలుపు తెరిస్తే మాత్రం మైనస్ 613 వస్తోంది! అలారం మోగడం లేదు. తలుపును నెమ్మదిగా తెరుస్తూ చూస్తే 400, 500, 600 దాకా సక్రమంగా ఎక్కుతూ వచ్చి, 655 తర్వాత ఒక్కసారిగా మైనస్‌లోకి దూకుతోంది. నెమ్మదిగా తెరిస్తే మొదట మోగి, పూర్తిగా తెరవగానే ఆగిపోతోంది. తీగలన్నీ రెండుసార్లు సరిచూసుకున్నాను. కెపాసిటర్ తిరగేసి పెట్టానా?

పాతరేడియో

104 కెపాసిటర్‌కు తిరగేయడానికి ప్లస్, మైనస్ కాళ్ళు ఉండవండీ. ఈసారి నా అనుమానం తప్పదని నమ్మకంగా చెప్పగలను: తప్పు తీగల్లో లేదు, కూడికలో ఉంది. ఏడీసీ ఎప్పుడూ 0 నుంచి 1023 మధ్యనే ఇస్తుంది, మైనస్ ఇవ్వడం దానికి చేతకాదు.

50 రీడింగుల మొత్తాన్ని మీరు ఇంట్ (పూర్ణసంఖ్య) రకం చలరాశిలో కూడుతున్నారు కదా. కంప్యూటర్‌లో ఇంట్ అంటే 32 బిట్లని మీకు అలవాటై ఉంటుంది, యూనోలో అది 16 బిట్లే. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. మూసినప్పుడు 102ను 50తో గుణిస్తే 5,100, బాగానే పడుతుంది. తెరిచినప్పుడు 697ను 50తో గుణిస్తే 34,850, అది పట్టక చుట్టు తిరిగి మైనస్ 30,686 అవుతుంది. దాన్ని 50తో భాగించి చూడండి, మీ 613 కనబడుతుంది. 655 దగ్గర దూకడానికీ కారణం అదే, 32,767ను 50తో భాగిస్తే వచ్చేది 655. మొత్తం దాచే చలరాశిని ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ రకం చేయండి. మిగతా ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

మిణుగురు

ఒక్క పదం మార్చాను, తెరిచినప్పుడు 697 వచ్చింది, వెంటనే మోగింది. తలుపు మూశాక ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా ఆగింది. ఇరవై సార్లు తెరిచి మూసి చూశాను, ఒక్కసారీ తప్పలేదు. రోజూ ఇలాంటి కూడికలే రాస్తూ, తీగలను అనుమానిస్తూ ఒక పూటంతా గడిపానని ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

బోర్డును 9 వోల్టుల చిన్న బ్యాటరీతో నడపాలని అనుకుంటున్నాను. ఎన్నాళ్ళు వస్తుంది?

తీగలపెట్టె

నాళ్ళు కాదు, గంటలు. యూనో ఊరికే కూర్చున్నా దాదాపు 50 మిల్లీ యాంపియర్లు లాగుతుంది, ఆ బ్యాటరీలో ఉండేది 500 మిల్లీ యాంపియర్ గంటల సుమారు. పొద్దున పెడితే రాత్రికి అయిపోతుంది. అల్మారా వెనక నుంచి ఎలాగూ యూఎస్‌బీ తీగ వస్తోంది కాబట్టి ఫోను ఛార్జర్‌కే కలిపి ఉంచండి. తీగ దూరే రంధ్రానికి మాత్రం చుట్టూ నల్ల టేపు అంటించి, మూసిన అల్మారాలో రీడింగు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

మిణుగురు

అంటించాను. 102 ఉన్నది 97కి దిగింది.